చీటీలో అడ్డాకు

పోయిన జూలైలో, బయట వాన దంచుతూ కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి తలా ఒక చీటీ ఇచ్చాను. విశాఖపట్నంలో ఒక కాలేజీలో నేను చెప్పేది వృక్షశాస్త్రం. చీకట్లో బోర్డు కనపడదు కాబట్టి పాఠం పక్కన పెట్టి, "పర్యావరణం అనగానే మీకు మొదట గుర్తొచ్చేది ఒక్క మాటలో రాయండి. పేరు వద్దు, మీ ఊరో పేటో మాత్రం కింద రాయండి" అన్నాను.

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ పిల్లల్లో ఎక్కువమంది రాసింది ప్లాస్టిక్. కొందరు గ్లోబల్ వార్మింగ్ అన్నారు. ఒకరిద్దరు ఓజోన్ పొర అని రాశారు. పరవాడ నుంచి రోజూ బస్సులో వచ్చే అబ్బాయి "బోరు నీళ్లు" అని రాశాడు. గాజువాక దగ్గర ఒక పేట నుంచి వచ్చిన చీటీలో "వాసన" అని ఉంది. పెద జాలారిపేట అమ్మాయి "ఒడ్డు" అని రాసింది. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న అనంతగిరి మండలం అమ్మాయి చీటీలో ఉన్న మాట "అడ్డాకు".

ఆ మాట నేను పైకి చదవగానే క్లాసు నవ్వింది. సగంమందికి అదేమిటో తెలీదు. ఆ పిల్ల తల దించేసుకుంది. పైకి చదవడం నా తప్పే. గంట కొట్టాక పిలిచి అడిగితే చెప్పింది. "మా అమ్మ అడ్డాకులు కుడతాది మేడమ్. ఇదివరకు సంతకి మోపులు మోపులు తీసుకెళ్లేది. ఇప్పుడు కింద నుంచి ప్లేట్లు వచ్చేసినాయి కదా, ఎవరూ కొనట్లేదు. అడివిలో అడ్డ తీగలు కూడా తగ్గిపోనాయి. రెండూ ఒక్కసారే పోతన్నాయి మేడమ్."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. అడ్డ అనేది పెద్ద పెద్ద చెట్ల మీదికి పాకే తీగ. ఆకు రెండు అరచేతులు పక్కపక్కన పరిచినంత ఉంటుంది, మధ్యలో చీలికతో. ఏజెన్సీలో ఆడవాళ్లు ఆ ఆకుల్ని సన్నటి పుల్లలతో కుట్టి విస్తళ్లు చేస్తారు. నా చిన్నప్పుడు ఉత్తరాంధ్రలో పెళ్లి భోజనాలంటే ఎక్కువగా ఆ విస్తళ్లలోనే. ఎండిన అడ్డాకు మీద వేడి పప్పు పడితే ఒక వాసన వచ్చేది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రం చీటీలన్నీ ఇంటికి తెచ్చుకుని ఊళ్ల వారీగా పేర్చి చూశాను. పిల్లలందరిదీ ఒకటే వయసు, చదివేది ఒకటే పుస్తకం. అయినా పర్యావరణం అన్న మాట ఒక్కో పేటలో ఒక్కో వస్తువైపోయింది. అందులోనూ ఒక తేడా ఉంది. ఇల్లు సముద్రపు గాలి తగిలే కాలనీల్లో ఉన్న పిల్లలు పుస్తకంలో ఉన్న మాటలు రాశారు. మిగతావాళ్లు ఇంట్లో ఉన్న మాటలు రాశారు.

"ఈ కాలం పిల్లలకే పర్యావరణం మీద శ్రద్ధ, పెద్దవాళ్లకి పట్టదు" అని ఒక మాట, "చదువుకున్న పట్నంవాళ్లకే తెలుసు, పల్లెల్లో తెలీదు" అని ఇంకో మాట మన చుట్టూ తరచూ వినిపిస్తుంటాయి. ఈ రెండూ తప్పని నా నమ్మకం. వయసూ చదువూ తేడా తేవని కాదు. కానీ వాటికన్నా పెద్ద తేడా, చెడిపోతున్నది మన గుమ్మానికి ఎంత దగ్గరలో ఉంది, అది చెడిపోయాక మనం అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోగలమా లేదా అన్నది. నేనిలా అనడానికి మొదటి సాక్ష్యం మా ఇల్లే.

మా నాన్నకి ఎనభై నిండబోతున్నాయి. గాజువాక వైపు ఒక కర్మాగారంలో ఫిట్టర్‌గా ముప్ఫై ఏళ్లు చేశారు. కర్మాగారం పేరు రాయను. మా అమ్మాయికి ఇరవై, ఇంజనీరింగ్ చదువుతోంది. నెలకో ఆదివారం స్నేహితులతో కలిసి పొద్దున్నే బీచ్‌కి వెళ్లి చెత్త ఏరి వస్తుంది. ఆ పని మనసుపెట్టి చేస్తుంది, ఫొటోల కోసం కాదు. ఒక ఆదివారం అలాగే ఇసక కాళ్లతో వచ్చి, టిఫిను దగ్గర తాతని పట్టుకుంది.

"తాతయ్యా, మీరంతా ఒక్కరోజైనా ఆలోచించారా? గాలీ కొండలూ అన్నీ పాడుచేసి మా చేతిలో పెట్టారు."

నాన్న కాఫీ అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "అమ్మలూ, నీ వయసులో నేను ఈ ఊళ్లో పొగగొట్టం కావాలని రోడ్డెక్కేను."

ఆయన చెప్పింది 1966 సంగతి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతా కదిలిన సంవత్సరం. నవంబరు 1న ఈ ఊళ్లో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయి. నాన్న ఊరేగింపులో వెనక వరసలో ఉన్నారట. శంకుస్థాపన 1971లో, ఫ్యాక్టరీ జాతికి అంకితమయ్యింది 1992లో. దానికోసం అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి. ఆ ఊళ్లవాళ్ల ఇళ్లలో ఆర్ కార్డు, అంటే నిర్వాసితులకిచ్చిన కార్డు, అన్న మాట ఈనాటికీ వినపడుతుంది. నాన్నకి అందులో ఉద్యోగం రాలేదు, ఇంకోచోట వచ్చింది. కానీ ఆ తరానికి పొగగొట్టం అంటే ఏమిటో ఆ ఒక్క సంవత్సరంలో ఉంది. ఇంట్లో అన్నదమ్ములు కలకత్తాకో ఖరగ్‌పూర్‌కో వలస పోనక్కర్లేదన్న మాట అది.

ఇంకో సంగతి కూడా చెప్పారు, అది నాకూ గుర్తుంది. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు వాళ్ల కర్మాగారం లాకౌట్ అయింది. రెండు నెలలు పొగ లేదు. మేడ మీద ఆరేసిన బట్టలు తెల్లగా ఆరాయి. అరుగు మీద కూర్చుంటే దుస్తులకి నల్ల నలుసులు అంటుకోలేదు. అమ్మ ఆ రెండు నెలలూ ఆ తెల్ల బట్టలు చూసి ఏడ్చేది. బియ్యం అప్పు తెచ్చుకున్నాం.

"దుమ్ము సంగతి మాకు తెలవదనుకున్నావా?" అన్నారు నాన్న. గట్టిగా అనలేదు. మా అమ్మాయి ఏమీ అనలేకపోయింది.

నిజంగానే వాళ్లకి తెలుసు. మా అమ్మకి వాయు కాలుష్యం అన్న మాట తెలీదు. కానీ మేడెక్కి, పొగ ఏ వైపు వాలుతోందో చూడకుండా ఒక్కరోజు కూడా బట్టలు ఆరెయ్యలేదు. కొండవైపు వాలితే ఆరేసేది, మా వైపు వాలితే వసారాలో దండెం కట్టేది. వేసవిలో ఒకలా, చలికాలంలో ఒకలా, సాయంత్రం గాలి మళ్లే వేళ ఇంకోలా. ఈ ఊరి గాలి గురించి అమ్మకి తెలిసినంత నాకు డిగ్రీ చదివాక కూడా తెలీదు. దాన్ని శ్రద్ధ అనకుండా ఇంకేమనాలి? ఆ శ్రద్ధ ఏ సర్వేలోనూ ఎక్కదు. సర్వే చేసేవాళ్లు "వాతావరణ మార్పు గురించి మీరు ఆందోళన చెందుతున్నారా" అని అడుగుతారు. అమ్మ "తెలీదమ్మా" అని ఉండేది.

విశాఖ పారిశ్రామిక ప్రాంతం ఒక గిన్నె లాంటిది. ఒకవైపు సింహాచలం, కైలాసగిరి కొండల వరస, ఇంకోవైపు యారాడ కొండ, మధ్యలో పల్లం. కాలుష్యం మీద పనిచేసేవాళ్లు దీన్ని బౌల్ ఏరియా అనే పిలుస్తారు. పగలు సముద్రం నుంచి గాలి నేల మీదికి వీస్తుంది, గిన్నెలోని పొగ కొండల మధ్యే తచ్చాడుతుంది. బీచ్ రోడ్డు మీద నిలబడ్డవాడికి మొదట తగిలేది సముద్రపు గాలి. ఒకే ఊళ్లో ఉంటున్నా ఒకే గాలి పీల్చడం లేదు మనం.

ఇప్పుడు నా సంగతి. పెళ్లయి, ఉద్యోగం వచ్చి, మేం 2008లో మధురవాడ వచ్చేశాం. పాతిక కిలోమీటర్ల దూరం. నాన్నని కూడా తెచ్చేసుకున్నాం. వచ్చిన మూడు నాలుగేళ్లలో నాలో ఒక మార్పు వచ్చింది, అప్పట్లో నేను గమనించలేదు. గాజువాకలో ఉన్నప్పుడు పర్యావరణం అంటే నాకు దుమ్ము, వాసన, అమ్మ దగ్గు. మధురవాడలో అది ప్లాస్టిక్ అయింది, మొక్కలు నాటడం అయింది, రుషికొండ బీచ్ శుభ్రత అయింది. కాలేజీలో ఈ మాటల మీదే పోటీలు పెట్టాను, పోస్టర్లు వేయించాను. మనిషిని నేనే, చదువు అదే. ఇల్లు మారింది, నా చీటీ మారిపోయింది. అక్కడే ఉండిపోయిన మా పక్కింటివాళ్ల చీటీ మాత్రం మారలేదు. మారాలంటే వాళ్లకి ఇల్లు కొనుక్కునే డబ్బుండాలి.

ఈ విషయం మీద ప్రపంచంలో పెద్ద చర్చే జరిగింది. రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త 1970ల్లో ఒక సిద్ధాంతం చెప్పాడు. కడుపు నిండి, భద్రత దొరికిన తరాలకే పర్యావరణం లాంటి విషయాల మీద ధ్యాస మళ్లుతుందని దాని సారం. కాబట్టి ధనిక దేశాలూ, అక్కడి యువతరమూ ముందుంటారని. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ 1992లో రియో పర్యావరణ సదస్సుకి ముందు గాలప్ సంస్థ 24 దేశాల్లో చేసిన సర్వేలో అది నిలబడలేదు. మన దేశం కూడా అందులో ఉంది. పేద దేశాల జనం కూడా పర్యావరణం గురించి అంతే దిగులు పడుతున్నారని తేలింది. తమ ఊరి నీళ్లూ గాలీ గురించైతే మరీను. ఇంగిల్‌హార్టే తర్వాత 1995లో తన మాటని సవరించుకున్నాడు: కొన్నిచోట్ల జనం విలువల వల్ల కదులుతారు, కొన్నిచోట్ల కళ్లముందున్న కష్టం వల్ల కదులుతారు అని. నా చీటీలు రెండు కుప్పలుగా పడింది కూడా ఇలాగే.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కళ్లముందు కష్టం వల్ల కదిలినవాళ్లని మనం "ప్రాజెక్టులకి అడ్డుపడేవాళ్లు" అంటాం, విలువల వల్ల కదిలినవాళ్లని "పర్యావరణ ప్రేమికులు" అంటాం. ఇది అన్యాయం. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అని పెద్ద చిత్తడి నేల ఉంది. వరి పండుతుంది, చేపలు దొరుకుతాయి, పశువులు మేస్తాయి. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని నిలబడింది కాలేజీ పిల్లలు కాదు. రైతులు, మత్స్యకారులు, ఆడవాళ్లు, ముసలివాళ్లు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో, ఇంకో థర్మల్ ప్లాంటు గొడవలో, మళ్లీ కాల్పులు. అక్కడిది తంపర, అదీ చిత్తడి నేలే. బీల, తంపర అన్న మాటలు మా కాలేజీ పిల్లల్లో ఒక్కరికీ తెలీవు. చిత్తడి నేలల గురించి పుస్తకంలో ఉన్న రామ్‌సర్ ఒప్పందం మాత్రం సంవత్సరంతో సహా చెబుతారు. పాఠం చెప్పేది నేనే కాబట్టి ఈ లోపం నాది కూడా.

ఇంకా దగ్గరి ఉదాహరణ అడ్డాకు రాసిన అమ్మాయి మండలంలోనే ఉంది. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో నిమ్మలపాడు. అక్కడ ఆదివాసీ భూముల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు. దేశమంతా దాన్ని సమత తీర్పు అంటారు. అది పుట్టింది మన కొండల్లో. ఆ తర్వాత బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) గనుల గొడవ వచ్చినప్పుడు చింతపల్లి, అరకు వైపు ఊళ్లు ఏళ్ల తరబడి వద్దంటూనే ఉన్నాయి. వాళ్లు చెప్పిన కారణం సాదాసీదాది: ఆ కొండ తలకాయ వాన నీటిని పట్టి ఉంచి, ఏడాది పొడవునా ఊటలుగా వదులుతుంది, దాన్ని తవ్వేస్తే గెడ్డలు, అంటే వాగులు, ఎండిపోతాయి.

ఇప్పుడు గోస్తనీ నది దారి చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో చేరి, అక్కణ్ణుంచి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ తాగుతుంది. రైవాడ నీళ్లు కూడా తాగుతుంది, అది శారద నది మీద ఉంది, శారదదీ ఆ కొండల వైపు నుంచే. అంటే కొండ మీద మనిషి తన ఊట కోసం కొట్లాడినప్పుడు, సీతమ్మధారలో కుళాయి కోసం కూడా కొట్లాడుతున్నాడు. అతనికి తెలిసి కాదు, మనం అడిగి కాదు. వాళ్లకి అవగాహన తక్కువని మనం అవగాహన సదస్సులు పెడతాం. నేనూ ఒకదానికి వెళ్లాను, పాడేరు దగ్గర. మొక్కలు నాటమని చెప్పొచ్చాను. అడవి మధ్యలో ఉండేవాళ్లకి. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెద్దవాళ్లని దేవుళ్లని చేయడం నా ఉద్దేశం కాదు. వెనకటి రోజులు బంగారం అనేవాళ్లతో నాకు పడదు. మా మామ్మ గిన్నెలు బూడిదతో, కొబ్బరి పీచుతో తోమేది. బియ్యం కడిగిన నీళ్లు ఆవుకి పెట్టేది. చీర చిరిగితే బొంత అయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది. దీన్ని ఈ రోజుల్లో పర్యావరణ స్పృహ అని పొగుడుతున్నారు. అది లేమి. డబ్బు చేతికొచ్చిన రోజున మా అమ్మ స్టీలు గిన్నెలు కొంది, తర్వాత ప్లాస్టిక్ బకెట్లు కొంది, సంతోషపడింది. పడాలి కూడా. లేమిలో ఉన్న పొదుపుని ప్రేమ అనుకుంటే, ఆ లేమిలో నలిగిన ఆడవాళ్ల చేతుల్ని మర్చిపోయినట్టే.

ఇంకో నిజం కూడా ఉంది. మామ్మ కూడా చెత్త గోడ అవతలకే విసిరేది. పక్కనే గెడ్డ. విస్తళ్లు, అరటి తొక్కలు, చింతపండు పిప్పి, కొబ్బరి డొక్కలు అన్నీ అందులోకే. వాన వచ్చి తీసుకుపోయేది, మిగిలింది కుళ్లి మట్టయ్యేది. నేటి మనిషి చేసేదీ అదే పని, ఆ గోడ మీంచే. అలవాటు మారలేదు, విసిరే వస్తువు మారింది. గంగులగెడ్డ లాంటివి ఒకప్పుడు వాన నీటిని సముద్రానికి చేర్చే దారులు. ఇప్పుడు వాటిలో కదలనిది ఏమిటో అందరం చూస్తున్నాం. కాబట్టి "మన పెద్దలు శుభ్రంగా ఉండేవారు, ఈ తరం పాడైంది" అన్న మాట కూడా నిజం కాదు. పెద్దల తప్పుని ఆకు కాపాడింది.

ఆ ఆకు స్థానంలోకి వచ్చిన ప్లాస్టిక్ పూత ప్లేటు రెండు పనులు చేసింది. కింద గెడ్డని మూసేసింది, పైన ఆ అమ్మాయి తల్లి చేతిలో పని తీసేసింది. 2022 జూలై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటి మీద నిషేధం ఉంది. విశాఖలో అంతకు నెల ముందే మొదలుపెట్టారు. కానీ నిషేధం గురించి పోస్టర్లు వేసిన మేమెవ్వరం, ప్లేటు పోతే దాని బదులు ఏం రావాలి, అది ఎవరి చేతుల్లోంచి రావాలి అని ఆలోచించలేదు. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది, 1956 నుంచి. అటవీ ఉత్పత్తులు కొనడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. మా కాలేజీ నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. ఇన్నేళ్లలో ఒక్కసారీ మాకు ఆ ఊహ రాలేదు.

"ఒడ్డు" అని రాసిన పెద జాలారిపేట అమ్మాయి మాట కూడా ఇలాంటిదే. వాళ్ల నాన్నకి బోటు లాగి పెట్టుకునే ఇసక జాగా ఏడాదికేడాదికీ తగ్గుతోంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం అలలు ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. తీరానికి అడ్డంగా ఏ కట్టడం కట్టినా ఇసక దాని దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. పోర్టు ఔటర్ హార్బర్ కట్టిన 1970ల నుంచి ఈ ఊరికి తెలిసిన సంగతే ఇది. అందుకే డ్రెడ్జర్‌తో తవ్విన ఇసకని తెచ్చి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. మా అమ్మాయీ స్నేహితులూ ఆ బీచ్ మీద ప్లాస్టిక్ ఏరతారు. వాళ్ల కాళ్ల కింద ఇసక ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎందుకు పోతోందో వాళ్లలో ఎవరూ మాట్లాడుకోలేదు. జాలారిపేట వాళ్లు మాట్లాడుకుంటారు. వేట నిషేధం ఉండే ఆ 61 రోజులూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఒడ్డున కూర్చుని వలలు బాగు చేసుకుంటూ మాట్లాడుకునేది అదే: ఈ ఏడు సముద్రం ఎంత ముందుకొచ్చింది, కవ్వల చేపలు ఎంత దూరం జరిగిపోయాయి, డీజిలు ఎంత తాగుతోంది. చేప గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపడం అంటే ఏమిటో వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కడుపు కట్టుకుని ఆపుతారు.

మా అమ్మాయి తరానికి ఒక భయం ఉంది, అది నిజమైన భయం, దాన్ని నేను తక్కువ చేయను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. మర్నాడు పొద్దున కిటికీ తీస్తే కొండలన్నీ కాల్చినట్టు గోధుమ రంగులో ఉన్నాయి, ఒక్క పచ్చటాకు లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయినప్పుడు దానికి పద్నాలుగు. టీవీలో రోడ్డు మీద పడిపోతున్న మనుషుల్ని చూసి రెండు రాత్రులు నా పక్కనే పడుకుంది. ఆ ఫ్యాక్టరీ 1961లో మొదలైనప్పుడు చుట్టూ ఖాళీ. ఊరు పెరిగి దాని గోడ దాకా వెళ్లింది. ఆ గోడ పక్కన స్థలం చవగ్గా దొరుకుతుంది, చవక స్థలం ఎవరు కొంటారో వేరే చెప్పక్కర్లేదు. భూమి వేడెక్కడం లాంటి కంటికి కనపడని ప్రమాదాన్ని లెక్క వేసి చూడగలిగేది ఈ తరమే. మా అమ్మ పొగ చూసేది, కానీ రంగూ వాసనా లేని కార్బన్ డయాక్సైడ్‌ని ఆవిడ చూడలేదు. అది నా కూతురికి కనపడుతుంది. అందుకు నాకు గర్వంగానే ఉంటుంది.

కానీ 2025 అక్టోబరులో ఒక సంగతి జరిగింది. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్. ఆ రోజు మా అమ్మాయి గెంతులేసింది. వాళ్ల క్లాసంతా వేసింది. ఇంజనీరింగ్ చదివిన పిల్ల హైదరాబాద్‌కో బెంగళూరుకో పోకుండా సొంత ఊళ్లో ఉండొచ్చన్న ఆశ అది. ఆ మొహం చూస్తే నాకు 1966లో ఊరేగింపు వెనక వరసలో నడిచిన కుర్రాడు కనిపించాడు.

నాన్న పేపరు మడిచి, "నీళ్లెక్కణ్ణుంచి తెస్తారట?" అన్నారు.

"అదేం ఫ్యాక్టరీ కాదు తాతయ్యా, కంప్యూటర్లు. పొగ రాదు."

"మిషనన్నాక వేడెక్కుద్ది. వేడెక్కితే చల్లార్చాలి. మా దగ్గర కూలింగ్ టవర్ ముప్ఫై ఏళ్లు చూసేను కదమ్మా. పొగ ఇక్కడ రాకపోతే కరెంటు తయారయ్యే చోట వస్తది." ఆయన చెయ్యి పరవాడ వైపు చూపించింది. అక్కడ సింహాద్రి థర్మల్ కేంద్రంలో 2000 మెగావాట్ల కరెంటు బొగ్గు మండించే తయారు చేస్తారు.

ఆ రోజు ప్రశ్న వేసింది ఎనభై ఏళ్లాయన. ప్రశ్న ఇష్టంలేక లేచి వెళ్లిపోయింది ఇరవై ఏళ్ల పిల్ల. నేను ఇద్దరిలో ఎవర్నీ తప్పు పట్టలేను. ఉద్యోగం కావాల్సినవాళ్లకి దాని వెనక ఖర్చు కళ్లకి ఆనదు. ఉద్యోగం అయిపోయినవాళ్లకి ఆనుతుంది. అది కావాలా వద్దా అని ఇక్కడ తేల్చడం నా పని కాదు. ఆ నీళ్లూ ఆ కరెంటూ ఏ ఊరివి, ఆ ఊరివాళ్లని అడిగారా అన్నది మాత్రం ఇరవై ఏళ్ల పిల్లలు కూడా అడగాలని నా కోరిక. బీచ్‌లో సీసాలు ఏరే చేతులే అడగాలి. మా అమ్మాయికి అదే చెప్పాను. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒక రాత్రి తనంతట తానే వచ్చి, డేటా సెంటర్లు చల్లబరిచే పద్ధతుల గురించి చదివింది నాకు చూపించింది. సముద్రపు నీటితో ఎలా చేస్తారు, గాలితో ఎలా చేస్తారు అని తాతకి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఆ బొమ్మలో పైపు ఎటు వెళ్తుందో అడుగుతూ కూర్చున్నారు.

వచ్చే నెల నాన్నకి ఎనభై నిండుతాయి. దగ్గరివాళ్లని రెండువందల మందిని భోజనాలకి పిలుద్దామనుకున్నాం. విస్తళ్లు అడ్డాకువే కావాలని మా అమ్మాయి పట్టుబట్టింది. వంటవాళ్లు ఒప్పుకోలేదు, సాంబారు కారిపోద్ది మేడమ్ అన్నారు. రెండేసి ఆకులు వేస్తే కారదని నాన్న వాళ్లకి ఫోన్లో చెప్పారు.

నేను హాస్టల్‌కి వెళ్లి ఆ అమ్మాయిని అడిగాను, మీ అమ్మ చేత రెండువందలు కుట్టిస్తావా, రేటు ఆవిడ చెప్పిందే ఇస్తాను అని. ఆ రాత్రి వాళ్ల ఊళ్లో సిగ్నల్ దొరికే చోటికి తల్లి వచ్చేదాకా ఆగి, ఫోన్ చేసి కనుక్కుని, మర్నాడు క్లాసు అయ్యాక నా దగ్గరికొచ్చింది.

"నూట ఇరవై అయితే అవుతాయి మేడమ్. అంతకన్నా అవ్వవంట. ఆకు కోసం ఇప్పుడు రెండు కొండలు దాటాలంట."

ఇంటికొచ్చి చెబితే నాన్న కాసేపు లెక్క వేసుకున్నారు. "మిగతా ఎనభై మందికీ అరిటాకులు తెప్పించు. నూట ఇరవైకీ డబ్బు ముందే పంపించెయ్యి, ఆవిడ కొండెక్కక ముందే."